షోలాపూర్ పూర్వభాగ్‌లో మన తెలుగు

షోలాపూర్ తూర్పు పేటల్ని ఊరివాళ్ళు పూర్వభాగ్ అంటారు. అశోక్ చౌక్, దత్తనగర్, సాఖర్ పేట్ గల్లీల్లో సాంచాల (మరమగ్గాల) మోతకు పైన గొంతు పెంచి జనం మాట్లాడుకునేది తెలుగులోనే: "కండెలు అయిపోయినయా?" అని.

వీళ్ళ తాతముత్తాతలు పాలమూరు, నల్లగొండ, కరీంనగర్, ఓరుగల్లు వైపు పద్మశాలీలు. అక్కడ మగ్గం కూడు పెట్టక ఈ మిల్లుల ఊరికి వచ్చారు. షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1877లో మొదలైంది. ఆ మిల్లు ఎప్పుడో మూతపడింది, వీళ్ళ నేత మాత్రం ఆగలేదు. పేరుమోసిన షోలాపూర్ చద్దరు వీళ్ళ చేతి పనే. సాంచా నెత్తిన జకార్డు పెట్టె ఉంటుంది. బెజ్జాల అట్టలు అందులో ఒక్కొక్కటిగా తిరుగుతూ ఏ పడుగు పోగు లేవాలో చెబుతాయి. చద్దరు తిరగేస్తే అదే పువ్వు, రంగులు మాత్రం తారుమారు.

మగవాళ్ళు సాంచాల దగ్గరుంటే ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. ఈ బీడీ కార్మికులు కమ్యూనిస్టు నాయకుడు నరసయ్య ఆడం వెంట నడిచి పోరాడితే, ఊరి పక్కన కుంభారిలో వాళ్ళకోసమే గోదూతాయి పరులేకర్ పేరిట 10 వేల ఇళ్ళు లేచాయి.

ఇరుగున మరాఠీ, పొరుగున కన్నడం, పక్క గల్లీలో ఉర్దూ. శ్రావణ పున్నమినాడు ఊరంతా నారళీ పూర్ణిమ అంటుంటే, మనవాళ్ళు జంధ్యాలు మార్చుకుని మార్కండేయుడి రథాన్ని ఊరేగిస్తారు. సంక్రాంతికి సిద్ధేశ్వరుడి నందిధ్వజాలు కదిలితే అన్ని భాషలవాళ్ళూ రోడ్డు మీదే. స్వాతంత్ర్య పోరాటంలో 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరికంబమెక్కిన షోలాపూర్ వీరులు మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సార్డా. ఆ నాలుగు పేర్లు చదివితే చాలు, ఆ ఊరు ఎంత కలగలుపుదో తెలుస్తుంది.

ఆ కలగలుపులో తెలుగు ఇన్ని తరాలు నిలిచిందంటే, ఇల్లే కార్ఖానా కావడం వల్లనే అని నా నమ్మకం. ఆలుమగలు, పిల్లలు ఒక్క కప్పు కింద పనిచేస్తే పనిమాట తెలుగులోనే నడిచింది. ఇప్పుడు పిల్లలు మరాఠీ బడుల్లో చదువుతున్నారు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేనివాళ్ళు ఎక్కువవుతున్నారు. కొత్త తరం సాంచా వైపు చూడటం లేదు. అందుకే మన సంఘాన్ని ఒకటి కోరుతున్నాను: ఆ పేటల్లోని ముసలమ్మల బతుకమ్మ పాటలు, నేత మాటలు వాళ్ళ గొంతుల్లోనే రికార్డు చేయిద్దాం. ఏడాది తిరిగేలోపే మొదలుపెడదాం.