బడిగంట ఆగిన తరువాత

బళ్ళో పంతుళ్ళ నోట అన్నిటికంటె ఎక్కువసార్లు వినిపించే మాట ఏదో చెప్పగలరా? ఎక్కాలూ కాదు, పద్యాలూ కాదు, “ఇటు వినండర్రా!” అనేది. దాని తరువాతది “నీ బుద్ధి ఎక్కడుందిరా?” అనేది. ఒకటో తరగతి నుంచి ఎం.ఏ. దాకా ఈ రెండు మాటలూ మన వెంట వస్తూనే వుంటాయి. చిత్రమేమంటే, బుద్ధి ఎక్కడ వుండాలో చెప్పినవాళ్ళే గాని, దాన్ని అక్కడికి తీసుకురావటం ఎలాగో నేర్పినవాళ్ళు బహు తక్కువ. కూడికలు నేర్పుతాము, గుణింతాలు దిద్దిస్తాము. శ్రద్ధను మాత్రం పిల్లవాడు పలకతోపాటు ఇంటి నుంచే తెచ్చుకోవాలని మన అభిప్రాయం!

ఆ శ్రద్ధను కూడా పాఠంలాగా నేర్పవచ్చునని ఇటీవల పలుదేశాలవారు చెబుతున్నారు. దానికి మైండ్‌ఫుల్‌నెస్ అని పేరు. మన మాటల్లో ‘ఎరుక’ అంటే చాలు. ఈ క్షణంలో ఏం జరుగుతున్నదో, ఊపిరి ఎలా ఆడుతున్నదో, మనస్సు ఎటు పోతున్నదో తిట్టుకోకుండా గమనించటం. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబట్-జిన్ అనే ఆయన దీర్ఘరోగులకోసం దీన్ని ఒక పద్ధతిగా కూర్చాడు. అక్కడినుంచి అది బడుల్లోకి వచ్చింది. మూలం వెతికితే బౌద్ధులు పాలీభాషలో ‘సతి’ అన్నదే ఇది. అమరావతిలోనూ, నాగార్జునకొండలోనూ భిక్షువులు కృష్ణ ఒడ్డున కూర్చుని సాధన చేసినదీ ఇదే. మనదేనని మీసం మెలెయ్యటానికి ఈ మాట చెప్పటం లేదు. మన పిల్లలకు ఇది అంత వింతగా తోచనక్కరలేదని చెప్పటానికే.

తెలుగు చెప్పుకునే నాబోటివాడికి ఇక్కడ అవధానం గుర్తుకు రాకుండా వుండదు. అవధానం అంటేనే శ్రద్ధ కదా! అష్టావధానంలో ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరితో అడ్డం పడతారు, మరొకరు మధ్యమధ్య గంట కొడుతూ వుంటారు. చివర ఎన్ని గంటలు మోగినవో అవధాని చెప్పాలి. వీరందరికంటె గడుసువాడు అప్రస్తుత ప్రసంగి. ఆయన పని మనస్సు చెదరగొట్టటమే. అవధాని ఆయనమీద విసుక్కుంటాడా? లేదు. నవ్వుతూ జవాబు చెప్పి, మళ్ళీ తన పద్యపాదం దగ్గరకు వస్తాడు. అవధాని పట్టవలసినవి ఎనిమిది, ఎరుకలో పట్టవలసింది ఒక్కటే ఊపిరి. అయినా చెదిరిన మనస్సును కోపం లేకుండా వెనక్కు తెచ్చుకోవటం రెండింటికీ సమానమే.

ఇంతకూ తరగతిలో చెయ్యటం ఎలా? మా వూరి దగ్గర ఒక బడిలో నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు పద్యాలు చెప్పటానికి కొన్నాళ్ళపాటు వారానికి రెండు రోజులు వెళ్ళాను. పద్యం మొదలుపెట్టబోయేముందు పూజగదిలో వుండేటటువంటి చిన్న కంచుగంట ఒకటి మోగించేవాణ్ణి. “నాదం పూర్తిగా ఆగిందనిపించినప్పుడు చెయ్యి ఎత్తండి” అనేదొక్కటే నియమం. చేతులు ఒక్కసారిగా లేవవు. ఒకటి, రెండు, పది... చిట్టచివర ఒక చెయ్యి. ఆ తరువాత, “ఇంకేం వినిపించింది?” అని అడిగితే, వంటశాలలో గరిటె చప్పుడన్నాడొకడు, ఫ్యాను కిర్రుమంటున్నదన్నది ఒక పిల్ల, “నా గుండె, మాస్టారూ!” అన్నాడు మరొకడు.

మరొక రోజు తలా ఒక ఉసిరికాయ ఇచ్చి, కొరకబోయేముందు రంగూ, చారలూ చూడమన్నాను. మెల్లగా నమిలి, పులుపూ వగరూ ఎక్కడ తగులుతున్నవో కనిపెట్టి, చివర గుక్కెడు నీళ్ళు తాగమన్నాను. ఆ నీళ్ళ తీపికి వాళ్ళ ముఖాలు చూడాలి! రోజూ తినే కాయే, రోజూ తాగే నీళ్ళే. ఇంకొక రోజు పొట్టమీద చెయ్యి పెట్టుకుని పది ఊపిరులు లెక్కపెట్టమంటే, ఒకడు నాలుగోదాని దగ్గరే ఆగాడు.

“నా బుద్ధి చెరువుకు పోయింది, మాస్టారూ.”

“పోయినట్టు నీకెప్పుడు తెలిసిందిరా?”

“ఇప్పుడే.”

“తెలిసిందంటే తిరిగొచ్చినట్టే. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టు.”

సాధన అంతా ఆ నాలుగు మాటల్లోనే వుంది.

అయితే అందరికీ నిశ్శబ్దం తీయగా వుండదు. ఒకరోజు అందరూ ఊపిరి చూసుకుంటూ వుండగా ఒక పిల్ల కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. తరువాత పక్కకు పిలిచి అడిగితే, వాళ్ళమ్మ అయిదు రోజులనుంచి ఆసుపత్రిలో వుందని చెప్పింది. అన్నాళ్ళూ ఆ పిల్ల బడికి వస్తూనే వుంది, పాఠాలు అప్పజెబుతూనే వుంది. సందడిలో ఎవరికీ కనిపించని బాధ రెండు నిమిషాల మౌనంలో బయటపడింది. కనుక కళ్ళు మూసుకోమని ఎవరినీ బలవంతపెట్టరాదు. ఇష్టంలేనివాళ్ళు కిటికీలోంచి చెట్టును చూస్తే చాలు. మౌనం కదిలించినదాన్ని ఓపికగా వినే పెద్దమనిషి ఒకరు తరగతిలో వుండి తీరాలి.

ఈ సంగతి మరచి, ఎరుకను మందుబిళ్ళలాగా అందరికీ ఒకే మోతాదున పంచితే ఏమవుతుంది? బ్రిటన్‌లో ఎనభైకి పైగా బడుల్లో 11–14 ఏళ్ళ పిల్లలను ఎనిమిదివేలమందికి పైగా తీసుకుని పెద్ద పరీక్ష జరిపారు. 2022లో ఫలితాలు వెలువడ్డాయి. మామూలు నడవడి పాఠాలు విన్నవారికంటె ఈ పాఠాలు విన్నవారి మనఃస్థితి ఏమీ మెరుగుపడలేదని తేలింది. పిల్లల్లో ఎక్కువమంది ఇంటిదగ్గర సాధనే చెయ్యలేదు! ఈ పాఠాలున్న బడుల్లో ఉపాధ్యాయుల అలసట మాత్రం మొదట్లో కొంత తగ్గిందట. అంటే మొదట పుచ్చుకోవలసింది పిల్లవాడు కాదు, పంతులే. మన దేశంలో 2018 జూలైలో ఢిల్లీ ప్రభుత్వం తన బడుల్లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా ‘హ్యాపీనెస్ కరిక్యులం’ ప్రవేశపెట్టి, అందులో ఈ సాధనకు చోటిచ్చింది. పాఠ్యక్రమం కాగితంమీద ఎంత బాగున్నా, గంట కొట్టే చెయ్యి తొందరలో వుంటే ఫలమేమి?

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పిల్లలతో మాట్లాడుతూ ఏకాగ్రత వేరు, అవధానం వేరు అనేవారు. ఏకాగ్రత ఒకదాన్ని పట్టుకుని తక్కినవాటిని తోసేస్తుంది. అవధానం దేన్నీ తోసెయ్యదు. ఆయన ఆలోచనలమీద నడిచే రిషివ్యాలీ బడి ఆ మదనపల్లె దగ్గరే వుంది. పిల్లలు సాయంత్రంవేళ మౌనంగా కూర్చుని అస్తమించే సూర్యుణ్ణి చూడటం అక్కడి ఆచారం. దానికి మార్కులు లేవు.

మార్కులు లేకపోవటమే ముఖ్యం. మన బడులకు మౌనం కొత్త కాదు, “నోటిమీద వేలేసుకో!” అనేది తరతరాల మౌనమే. అది భయంతో వచ్చేది. దానికే ఎరుక అని కొత్త పేరుపెట్టి, ర్యాంకులకోసం పిల్లలను మరికాస్త కదలకుండా కూర్చోబెట్టటానికి వాడితే, వున్న కొద్దిపాటి ఊపిరీ తీసేసినవాళ్ళమవుతాము. పద్నాలుగు గంటలు చదివించి, చివర అయిదు నిమిషాలు ఊపిరి పీల్చుకోమనటం వైద్యం కాదు.

దీనికి సర్కారు ఉత్తరువు అక్కరలేదు, సొమ్ము అంతకంటె అక్కరలేదు. పాఠానికి ముందు రెండు నిమిషాలూ, ఒక చిన్న గంటా చాలు. ఆ రెండు నిమిషాలూ పంతులుగారు హాజరుపట్టీ తిరగవెయ్యకుండా, తానూ పిల్లలతోపాటు కూర్చోవాలి. కూర్చుని, ఎదురుగా వున్న ముఖాలను ఒక్కొక్కటిగా చూడాలి. “ఇటు వినండర్రా” అనే హక్కు ముందుగా వాళ్ళను విన్నవాడికే వుంటుంది.