మొక్కకు పద్దుంది, మానుకు దిక్కేది?

2019 సెప్టెంబరులో కరీంనగర్ జిల్లా హుజూరాబాద్‌లో పోలీసులు రెండు మేకలను స్టేషన్‌కు తీసుకెళ్లి కట్టేశారు. రాష్ట్ర ప్రభుత్వ హరితహారం కింద నాటిన మొక్కలను మేశాయని ఫిర్యాదు. యజమాని వచ్చి మున్సిపాలిటీకి వెయ్యి రూపాయల జరిమానా కట్టాకే వాటిని విడిచిపెట్టారు. ‘మేకల అరెస్టు’ అంటూ వార్త దేశమంతా తిరిగింది, జనం నవ్వుకున్నారు. మేక మేసిన మొక్క వెనక ఎవరి పదవి, ఎవరి ఉద్యోగం వేలాడుతోందో తెలిస్తే మాత్రం స్థానిక అధికారుల కంగారు అర్థమవుతుంది.

అంతకు ఏడాది ముందే, 2018లో, తెలంగాణ కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఊళ్లో మొక్కలు పెంచడాన్ని అది పంచాయతీకి విధిగా అప్పజెప్పింది. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలి. బతకకపోతే సర్పంచి, పంచాయతీ కార్యదర్శి జవాబు చెప్పుకోవాలి, పదవికీ ఉద్యోగానికీ ఎసరు రావచ్చు. 2019 మున్సిపాలిటీల చట్టం ఇదే లెక్కను పట్టణాలకూ తెచ్చి, వార్డు కౌన్సిలర్‌ను బాధ్యుణ్ని చేసింది. మొక్క ఎండిపోతే కుర్చీ పోతుందని చట్టంలో రాసుకోవడం మన దేశంలో అరుదు.

దీనికి నేపథ్యం 2015 జులై 3న చిలుకూరులో మొదలైన హరితహారం. రాష్ట్ర విస్తీర్ణంలో 24 శాతంగా ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి చేర్చాలని, అందుకు 230 కోట్ల మొక్కలు నాటాలని లక్ష్యం పెట్టుకున్నారు. మొదటి రెండు మూడు వానాకాలాల్లో అందరూ చూసిందే: నాటిన రోజు ఫొటో, మర్నాడు మేక, వేసవికి ఎండుపుల్ల. 85 శాతం షరతు పుట్టింది ఆ అనుభవంలోంచే. తర్వాత పంచాయతీకో నర్సరీ, ట్రాక్టరు, నీళ్ల ట్యాంకరు వచ్చాయి. దూరం నుంచి లారీలో కుక్కి తెచ్చిన మొక్క కంటే ఊరి నర్సరీలో ఏడాది పెరిగిన మొక్క గుంతలో త్వరగా నిలదొక్కుకుంటుంది. ఉపాధి హామీ కూలీలు గుంత తవ్వి, పాదు చేసి, చుట్టూ ముళ్లకంప కడతారు. ఈరోజు తెలంగాణ పల్లె రోడ్ల మీద వెళ్తూ ఇరువైపులా చూసేవారికి పనిలో ఎంతో కొంత జరిగిందని ఒప్పుకోక తప్పదు.

అయితే శాతం కొలవడం తేలిక, చెట్టును కొలవడం కష్టం. మొక్క బతికిందంటే చాలు, ఏ మొక్క అన్నది షరతులో లేదు. దాంతో త్వరగా ఎదిగేవి, మేకలు ముట్టనివి, నీళ్లు పోయకపోయినా చావనివి నర్సరీలను ఆక్రమించాయి. కోనోకార్పస్ కథ అదే. నిటారుగా గోడ కట్టినట్టు పెరుగుతుంది, ఏడాది పొడుగునా ఆకుపచ్చగా ఉంటుంది, పశువులు తినవు. డివైడర్ల మధ్య వరసగా పెడితే కౌన్సిలర్‌కు శాతం, కమిషనర్‌కు ఫొటో రెండూ దొరుకుతాయి. వేళ్లు పైపులను, కేబుళ్లను వెతుక్కుంటూ వెళ్తాయని, పుప్పొడి ఉబ్బసం ఉన్నవారికి పడదని ఫిర్యాదులు పెరిగాక 2022లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని నాటొద్దంది. మరుసటి ఏడాది గుజరాత్ కూడా నిషేధించింది.

విశాఖపట్నం పాఠం వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలోని చెట్లను వేళ్లతో పెకలించి పారేసింది. ఆ ఖాళీలను తొందరగా నింపాలన్న ఆత్రంలో వీధి వీధినా ఏడాకులపాల నాటారు. అదేమీ పరాయి చెట్టు కాదు, మన అడవుల్లోదే. అయితే చలికాలం మొదట్లో గుత్తులు గుత్తులుగా పూస్తుంది, సాయంత్రమయ్యేసరికి వాసన ముక్కు పగలగొడుతుంది. పది చెట్లుంటే పరిమళం, వీధంతా అవే ఉంటే తలనొప్పి. ఏటా శీతాకాలం వచ్చిందంటే అక్కడి జనం ఈ చెట్లు కొట్టేయమని అడుగుతూనే ఉన్నారు. స్వదేశీ చెట్టా, విదేశీ చెట్టా అన్న పట్టింపు ఎంత ముఖ్యమో, ఒకే జాతిని వీధి పొడుగునా నింపకపోవడమూ అంతే ముఖ్యం. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొసల నుంచి ఎండిపోతూ వచ్చినప్పుడు ఇది ఇంకా బాగా తెలిసింది. శిలీంధ్రం వల్ల వచ్చే ఆ తెగులు వేపల వరసలో ఒక్కదానికి సోకితే చాలు, పక్కవాటికీ పాకుతుంది.

ఇక మొక్క చెట్టయ్యాక ఏం జరుగుతుంది? నిజానికి అసలు చిక్కు ఇక్కడే. మొదటి మూడేళ్లు మొక్కకు పద్దుంది, ట్యాంకరుంది, లెక్క అడిగేవాళ్లున్నారు. పదో ఏట అది విద్యుత్ శాఖకు అడ్డం, రోడ్ల శాఖకు మలుపు, మున్సిపాలిటీకి ఊడ్వాల్సిన ఆకు, దుకాణదారుకు బోర్డు కనపడనివ్వని కొమ్మ. అందరికీ దాంతో పని ఉంది, ఎవరి ఖాతాలోనూ అది లేదు.

వానాకాలానికి ముందు ఏ వీధిలో చూసినా కనిపించే దృశ్యం ఒకటుంది. లైన్‌మన్ లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకుని కరెంటు ఆపిస్తాడు. కాంట్రాక్టరు మనుషులు నిచ్చెన వేసి, కొడవళ్లతో తీగల వైపున్న కొమ్మలన్నీ కొట్టేసి పోతారు. చెట్టు ఒక పక్క గుండు, ఒక పక్క జుట్టుగా మిగులుతుంది. బరువంతా ఒకవైపే ఉన్న చెట్టు తొలి గాలివానకు ఆ వైపే ఒరిగి, కింద ఉన్న కారు మీద పడుతుంది. కొమ్మను మొదలు దగ్గర, మెడ లాంటి ఉబ్బు వదిలి, శుభ్రంగా కోస్తే గాయం కొన్నాళ్లకు మూసుకుంటుంది. మధ్యలో కొట్టి మొండెం వదిలితే అక్కడి నుంచే పుచ్చు మొదలవుతుంది. ఇది తోటమాలులకు తెలిసిన విషయమే. కొమ్మలు కొట్టే కాంట్రాక్టు మాత్రం వాళ్లకు దక్కదు.

విద్యుత్ చట్టం, 2003, ఈ గొడవలో పెద్దమనిషి తరహాలో ఒక ప్రశ్న వేస్తుంది: ముందొచ్చింది చెట్టా, తీగా? తీగకు అడ్డమొచ్చే చెట్టును తీయించాలంటే 68వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు గానీ, ప్రభుత్వం నియమించిన అధికారికి గానీ దరఖాస్తు పెట్టుకోవాలి. లైను వేయకముందే ఆ చెట్టు అక్కడుంటే దాని మీద హక్కున్నవారికి నష్టపరిహారం ఇప్పించాలి. చదవడానికి ఎంతో న్యాయంగా ఉంది. వీధి చెట్టు విషయంలో ఆ హక్కు ఎవరిదని అడిగితే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది.

కింద మరో గండం. కాలిబాట వేసే కాంట్రాక్టరుకు టైలు మూల వరకూ వచ్చిందా లేదా అన్నదే లెక్క, కాండం చుట్టూ నీరు దిగే చోటు వదిలినందుకు అతనికి బిల్లు రాదు. దాంతో చెట్టు మెడ వరకూ సిమెంటు పోస్తారు. వాన నీరు వేళ్లకు చేరదు, గాలి ఆడదు, కాండం లావెక్కే కొద్దీ సిమెంటు ఉచ్చులా బిగుస్తుంది. 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీ విషయంలో ఒక స్పష్టమైన ఆదేశం ఇచ్చింది: చెట్టు చుట్టూ మీటరు దూరం వరకు కాంక్రీటు తీసేయాలి, కాండానికి కొట్టిన బోర్డులు, మేకులు, చుట్టిన తీగలు తొలగించాలి. మన పట్టణాల్లో ఏ కూడలిలోనైనా నిలబడి చూస్తే ట్యూషన్ సెంటరు, హాస్టలు, పైల్స్ వైద్యం బోర్డులు మోస్తున్న చెట్టు ఒకటైనా తగలకపోదు.

నరికివేత దగ్గరికి వస్తే తెలుగు రాష్ట్రాలు రెండింటికీ మూలం 2002 నాటి వాల్టా చట్టమే. నీరు, నేల, చెట్టు మూడింటినీ కలిపి రాసిన చట్టం అది. సొంత పెరట్లో చెట్టయినా సరే, కొట్టాలంటే అనుమతి కావాలి. అనుమతి తెచ్చుకుని కొట్టినవారు బదులు మొక్కలు నాటాలి. నీలగిరి, సరుగుడు, సుబాబుల్ లాంటి కలప పంటలకు మినహాయింపు ఉంది, రైతు పంట అమ్ముకోవడానికి అది అవసరమే. ఆ మినహాయింపుల జాబితాలోనే చాలా వివాదాలు పుడుతున్నాయి. హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించినప్పుడు కూడా, అనుమతి తీసుకున్నారా, మినహాయింపు వర్తిస్తుందా అన్నదే పెద్ద ప్రశ్న అయింది.

వాల్టా కాగితం మీదే ఉందనుకునేవారు 2021 ఫిబ్రవరి నాటి హైదరాబాద్ సైదాబాద్ సంగతి గుర్తు చేసుకోవాలి. ఇల్లు కట్టుకోవడానికి అడ్డమని ఒకరు నలభై ఏళ్ల వేపచెట్టును రాత్రికి రాత్రి కొట్టించి, దుంగలు తరలించి, ఆనవాలు చెరిపేసే ప్రయత్నం చేశారు. అది చూసిన ఎనిమిదో తరగతి కుర్రాడు అటవీ శాఖకు ఫోన్ చేశాడు. అధికారులు వచ్చి విచారించి 62,075 రూపాయల జరిమానా వేశారు. అదే ఏడాది సుప్రీంకోర్టుకు ఒక నిపుణుల సంఘం ఇచ్చిన నివేదిక చెట్టు విలువను ఏడాదికి 74,500 రూపాయలుగా కట్టింది. ఆ లెక్కన నలభై ఏళ్ల వేప విలువ దాదాపు 30 లక్షలు. 62 వేలు కట్టి 30 లక్షల సొత్తు కొట్టేయడం లాభసాటి బేరమే!

ఒక్కో చెట్టు సంగతి ఇలా ఉంటే, వందల మాన్ల వరస సంగతి హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు చెబుతుంది. చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా ఉన్న సుమారు 46 కిలోమీటర్ల దారిలో నిజాం కాలం నాటి మర్రిచెట్లు దాదాపు తొమ్మిది వందలు. రోడ్డు వెడల్పు చేయాలంటే అవి అడ్డు, రోడ్డు ఇరుకుగా ఉంటే ప్రమాదాలు, ప్రాణనష్టం. రెండు వైపులా నిజముంది. పర్యావరణ కార్యకర్తలు హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు, పని ఏళ్ల తరబడి ఆగింది. ఆ ఆగిన కాలంలోనే, ఎక్కడ రోడ్డును కొంచెం పక్కకు జరపొచ్చు, ఎక్కడ మానులను డివైడరులోకి తీసుకోవచ్చు, ఏ చెట్టును పెకలించి వేరే చోట నాటొచ్చు అన్న చర్చ నడిచింది. ఈ చర్చ డిజైను గీసేటప్పుడే జరిగి ఉంటే కోర్టు ఖర్చు, ఆలస్యం రెండూ తప్పేవి.

ముసలి చెట్టుకు శ్రద్ధగా వైద్యం చేస్తే ఏమవుతుందో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూపించింది. సుమారు ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రి కొమ్మ 2017 చివర్లో విరిగిపడింది. లోపల చెదలు. సందర్శకులను ఆపేశారు. మరుసటి ఏడాది చెదల మందును పలుచగా కలిపి, సెలైన్ సీసాల్లో నింపి, కొమ్మలకు వేలాడదీసి చుక్క చుక్కగా ఎక్కించారు. ఊడలు నేలకు దిగేలా గొట్టాలు అమర్చారు, బరువు కొమ్మల కింద ఊతాలు కట్టారు. మాను మళ్లీ చిగురించింది. కాకపోతే పిల్లలమర్రి జిల్లాకే పేరు తెచ్చిన చెట్టు, కలెక్టరు స్థాయిలో పట్టించుకున్నారు. వీధి చివర రావికి ఆ భాగ్యం లేదు.

ఇతర రాష్ట్రాల్లో ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నాలున్నాయి. మహారాష్ట్ర 1975లోనే పట్టణ చెట్ల చట్టం చేసి, ప్రతి నగరంలో చెట్ల ప్రాధికార సంస్థ ఉండాలని, ఐదేళ్లకోసారి చెట్ల జనాభా లెక్క తీయాలని పెట్టింది. 2021 సవరణలో యాభై ఏళ్లు దాటిన చెట్టును వారసత్వ వృక్షంగా గుర్తించింది. హరియాణాది మరీ సూటి దారి: డెబ్బై ఐదేళ్లు దాటిన చెట్టుకు ఏడాదికి 2,500 రూపాయల పింఛనును 2021లో ప్రకటించింది. ఆ డబ్బు చెట్టును చూసుకునే రైతుకో, పంచాయతీకో, బడికో అందుతుంది. వృద్ధుల పింఛను పెరిగినప్పుడల్లా దాన్నీ పెంచుతామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.