రెండు నొప్పి మాత్రలు కలిపి వేసుకోవచ్చా?

జ్వరానికి డోలో 650 వేసుకున్నాం. ఒళ్లునొప్పులు తగ్గలేదు. ఇంట్లో కాంబిఫ్లామ్ ఉంది, అదీ వేసుకోవచ్చా? జవాబు స్ట్రిప్ వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

డోలో అంటే పారాసెటమాలే. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా.తో పాటు పారాసెటమాల్ 325 మి.గ్రా. ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కూడా రోజుకు 4,000 మి.గ్రా. పారాసెటమాల్ మించకూడదు, మద్యం అలవాటున్నవాళ్లకు, లివర్ జబ్బున్నవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ. ఇప్పుడు లెక్క చూడండి. డోలో నాలుగుసార్లు వేసుకుంటే 2,600. కాంబిఫ్లామ్ మూడు, 975. ముక్కు కారుతోందని వేసుకున్న జలుబు మాత్రలు మూడింటిలోనూ 325 చొప్పున ఉంటే మరో 975. మొత్తం 4,550! పైగా మోతాదు మించిన సంగతి తొలిరోజు పెద్దగా తెలియదు. లివర్ దెబ్బతిన్నట్టు బయటపడేది రెండు మూడు రోజులకు. అనుమానం వస్తే ఒంట్లో బాగానే ఉందని ఆగకుండా, ఖాళీ స్ట్రిప్పులు పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాలి. విరుగుడు ఉంది, తొందరగా ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

అలాగని కలపడమే తప్పనుకోవద్దు. లెక్క దాటకపోతే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ జంట మంచిదే. పన్ను పీకాక డెంటిస్టులు రాసేది తరచూ దాన్నే. కూడనిది ఐబుప్రొఫెన్‌కు డైక్లోఫెనాక్‌నో, ఏసిక్లోఫెనాక్‌నో జత చేయడం. ఇవన్నీ ఒకే జాతి మందులు, శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా అడ్డుకుంటాయి. నొప్పిని పెంచేవి ఆ ప్రోస్టాగ్లాండిన్లే. కడుపు లోపొరను కాచేవీ, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవీ అవే. రెండు వేసుకుంటే నొప్పి రెండింతలు తగ్గదు గాని, కడుపులో పుండ్లు పడి రక్తం కారే ముప్పు పెరుగుతుంది. బీపీకి టెల్మిసార్టాన్, దాంతో పాటు ఒంట్లో నీరు తీసే మాత్ర వాడేవాళ్ల కిడ్నీలకైతే ఈ జాతి మందు ఒక్కటే ఎక్కువ.

గుండెకు ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) వాడే పెద్దవాళ్ల సంగతి వేరు. ఐబుప్రొఫెన్ ముందే వెళ్లి ప్లేట్‌లెట్లలో చోటు పట్టుకుంటే ఆస్పిరిన్‌కు అక్కడ పని దొరకదు. మోకాళ్ల నొప్పికి వేసుకున్న మాత్ర గుండె మాత్రను వృథా చేస్తుందన్నమాట. డెంగీ అనుమానమున్న జ్వరంలో ఈ జాతి మొత్తాన్నీ పక్కన పెట్టి పారాసెటమాల్ ఒక్కటే వాడాలి.

ఇక మెడికల్ షాపులో కత్తిరించి, కాగితం కవరులో వేసిచ్చే ‘సెట్టు’ ఒకటుంది. ఆ ముక్కల మీద మందు పేరు సగమే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఏ మాత్రలో ఏముందో, ఎంతుందో కవరు మీద పెన్నుతో రాయించుకోండి. రాయడానికి విసుక్కుంటే స్ట్రిప్ మొత్తం కొనుక్కోండి.