మా యింటి "జాస్తి"

పోయిన వేసవి సెలవులలో మా అమ్మాయి పది రోజులు తెనాలిలో ఉండి వచ్చింది. అక్కడ మా పెద్దమ్మ కూతురు కాపురముంటున్నది. రెండవనాడు భోజనాల దగ్గర ఆవిడ మరికాస్త అన్నం వడ్డించబోగా మా పిల్ల, "జాస్తి అయ్యింది అత్తా, చాలు" అన్నదట. పంక్తిలో ఉన్న పిల్లలందరూ ఒక్కసారిగా నవ్వారు. అది మొదలు ఆ పది రోజులూ దానికి "జాస్తి పిల్ల" అనే పేరు స్థిరపడింది.

ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. పిల్లలు పిల్లలే గదా! అయితే యింటికి తిరిగి వచ్చినాక మా అమ్మాయి వాళ్ళ అవ్వతో తెలుగు మాట్లాడటం తగ్గించివేసింది. ఆవిడ తెలుగులో అడిగితే యిది కన్నడంలో జవాబు చెప్పేది. సంగతేమిటని గుచ్చి గుచ్చి అడిగితే, "మనది తప్పు తెలుగట నాన్నా. కన్నడంలో మాట్లాడితే ఎవరూ నవ్వరు" అన్నది.

పక్కనే కూర్చుని మా అమ్మ ఆ మాట విన్నది. ఏమీ అనలేదు. కాని మరునాటినుండి మనుమరాలితో మాట్లాడబోయే ముందు ఆవిడ కూడా ఒక్కక్షణం తడుముకోవటం నా కంటబడింది. డెబ్బైయెనిమిదేళ్ళ మనిషి తన యింట్లో తన మాటకు తాను జంకవలసి వచ్చిందే అని నా మనసుకు చాలా కష్టమనిపించింది. ఈ నాలుగు ముక్కలు వ్రాయటానికి అదే కారణం.

మా పెద్దలు కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో తరతరాలుగా సేద్యం చేసుకొన్నవారు. ఉద్యోగరీత్యా నేను బెంగుళూరు చేరాను. చదివింది ఎస్సెస్సెల్సీ వరకే, పండితుణ్ణి కాను. అయినా ఇరవై యేళ్ళుగా లెక్కల కాగితాల మధ్య బ్రతుకుతున్నవాణ్ణి కనుక "జాస్తి" అనే మాటతో నాకు మంచి పరిచయమే ఉన్నది. అది వంటింట్లో పుట్టిన మాట కాదు, కచ్చేరీనుండి వచ్చిన మాట.

అరబ్బీలో "జియాదా" అంటే పెరుగుదల, అధికం. అది పారశీకంలోకి, అక్కడినుండి ఉర్దూలోకి వచ్చి "జ్యాదా", "జ్యాదతీ" అయింది. దక్కనులో సుల్తానుల రాజ్యాలు ఏర్పడి, శిస్తు లెక్కలు పారశీక పదాలతో నడవసాగినప్పుడు జమా, ఖర్చు, బాకీ, వసూలు, రశీదు, హాజరు మొదలైనవన్నీ మన నోళ్ళలోకి వచ్చాయి. జాస్తి కూడా ఆ గుంపులోదే. జమా ఖర్చులు వ్రాసే తెనాలి వర్తకుణ్ణి చూసి ఎవరూ నవ్వరు. బాకీ అడిగేవాణ్ణి చూసి అసలే నవ్వరు! మరి ఒకే గుమ్మంగుండా వచ్చిన చుట్టాలలో ఒకరికి పీట వేసి, యింకొకరిని అరుగుమీద నిలబెట్టటం ఏమి న్యాయం?

ఇంకొక తమాషా ఉన్నది. హిందీలో "జ్యాదతీ" అంటే దౌర్జన్యం, మితిమీరిన ప్రవర్తన అనే అర్థం బలపడింది. మన వైపు వచ్చిన తమ్ముడికి ఆ కోపం లేదు. కన్నడంలో జాస్తి, తమిళంలో జాస్తి, మరాఠీలో జాస్త, జాస్తీ, ఒడియాలోనూ జాస్తి. అంటే మన తెలుగువారు వలసపోయి స్థిరపడిన నాలుగు రాష్ట్రాలలోనూ అంగడివాడితో బేరమాడటానికి యీ ఒక్క మాట సరిపోతుందన్నమాట. బెంగుళూరులో పిల్లలను కసరాలంటే "జాస్తి మాతాడబేడ" అంటారు, మద్రాసులో "జాస్తి పేసాదే" అంటారు. మరాఠీవారు సుమారుగా అనటానికి "కమీ జాస్త్" అని జంటగా వాడతారు. చిత్తూరు, అనంతపురం పల్లెలలో కూడా యీ మాట వినిపిస్తుంది. కనుక యిది మేము పొరుగువారినుండి ఎరువు తెచ్చుకొన్న మాట మాత్రమే కాదు.

ఇందుకు మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "మనకు 'ఎక్కువ' ఉన్నది గదా, జాస్తి ఎందుకు?" అని. మంచి ప్రశ్నే. ఎక్కువ అచ్చమైన మన మాట. హెచ్చు ఉన్నది, మెండు ఉన్నది, దండి ఉన్నది, బోలెడు ఉన్నది. కన్నడిగులకు కూడా హెచ్చు ఉన్నది. ఉండికూడా జాస్తి అంటున్నారు. మా అమ్మను అడిగితే ఆవిడ చెప్పిన తేడా యిది: "ఎక్కువ అంటే ఎక్కువే. జాస్తి అంటే చాలినంత అయినంక మిగిలేది." నిఘంటువు ఒప్పుకొంటుందో లేదో గాని, మా యింట మాత్రం ఆ తేడా నిజంగానే ఉన్నది. చుట్టాలు ఎక్కువ వచ్చారంటే సంతోషం. జాస్తి వచ్చారంటే బియ్యం మళ్ళీ నానవేయాలి! అయితే పరీక్ష వ్యాసంలో "ఎక్కువ" అనే వ్రాయమని పిల్లకు చెప్పాను. పెండ్లికి కట్టే చీర వేరు, యింట్లో కట్టే చీర వేరు.

ఇక అసలు వినోదం. ఏ కృష్ణా గుంటూరు ప్రాంతాల పిల్లల చెవికి యీ మాట వింతగా తోచిందో, ఆ ప్రాంతాలలోనే "జాస్తి" ఒక ఇంటిపేరు. సుప్రీంకోర్టులో 2011నుండి 2018వరకు న్యాయమూర్తిగా ఉన్న జాస్తి చెలమేశ్వర్ గారు కృష్ణా జిల్లావారే. ఆయన పేరు పత్రికలలో తరచుగా కనబడే రోజులలో మా ఆఫీసు కన్నడ మిత్రుడొకడు, "ఇది ఇంటిపేరా, బిరుదా?" అని నన్ను అడిగాడు. అంతకు చాలా ముందు ఒక ఆఫీసులో యింకా పెద్ద పొరపాటు జరిగింది. ఒక తెలుగాయన తన దరఖాస్తుమీద మన పద్ధతిని ఇంటిపేరు ముందు వ్రాసి కన్నడలిపిలో యిచ్చాడు. కాగితం తలమీద "జాస్తి" అని చూసిన గుమాస్తా అది అదనపు ప్రతి అనుకొని మిగులు కాగితాల కట్టలో పెట్టేశాడు. మూడు రోజుల తరువాత అది నా చేతికి చిక్కింది.

ఇంటిపేరూ మాటా ఒకే రూపంలో ఉన్నంతమాత్రాన ఒకదానినుండి మరొకటి పుట్టిందని తీర్మానించరాదు. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళనుండి వచ్చినవి. "తూము" అనే ఇంటిపేరునే చూడండి: చెరువుకు ఉండేదీ తూమే, ధాన్యం కొలిచేదీ తూమే. నేను చెప్పేది అంతకంటె చిన్న సంగతి. బడిలో హాజరు పిలిచేటప్పుడు నవ్వు పుట్టించని మాట భోజనాల పంక్తిలో నవ్వు పుట్టించనక్కరలేదు.

తూము అన్నాను గనుక చెబుతున్నాను. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చినాక కొద్దియేళ్ళలో యివన్నీ అంగళ్ళలోనుంచి పోయాయి. కాని కుంచం వారు, తూము వారు, కుప్పా వారు, కొల్లా వారు మన మధ్య తిరుగుతూనే ఉన్నారు. పుట్టి ఎంతో తెలియనివారు కూడా "పుట్టెడు దుఃఖం" అంటూనే ఉన్నారు. మా అమ్మ పెండ్లినాటి కుంచం మా అటకమీద ఉన్నది. దించి తుడిచి అమ్మాయి చేతికిచ్చాను. అవ్వా మనుమరాలూ కూర్చుని దానితో బియ్యం కొలిచారు. మా అమ్మ లాభం, రెండు, మూడు అని లెక్కపెట్టగా, ఒకటికి బదులు లాభం ఎందుకంటారని పిల్ల అడిగింది. అడిగింది తెలుగులోనే.

ఇప్పుడు వాళ్ళిద్దరూ ఒక నోటుపుస్తకం పెట్టారు. అవ్వ మాట చెబితే మనుమరాలు వ్రాస్తుంది, పక్కన "తెనాలి మాట" అని యింకొక గడి. ఫోనులో తెనాలి అత్తను అడిగి ఆ గడి నింపుతున్నది. మొన్న ఆ యింటి పిల్లవాడే తనంతట తాను ఫోను చేసి, "జాస్తి పిల్లా, మీరు వంకాయనేమంటారు?" అన్నాడట. మేమూ వంకాయనే అంటామని చెప్పి యిది ఫోను పెట్టేసింది.

షోలాపురం, బరంపురం, మధుర, హోసూరు ప్రాంతాల సోదర సోదరీమణులు తమ యిళ్ళలో దీనికి ఏమంటారో, పెద్దవాళ్ళను అడిగి పత్రికకు ఒక కార్డు వ్రాయగోరుతాను. పుస్తకంలో గడులు యింకా చాలా ఖాళీగా ఉన్నాయి.