బలానికీ ఒక లెక్క ఉన్నది

బలమనగానే తెలుగువారికి కోడి రామమూర్తి నాయుడుగారు జ్ఞాపకము వస్తారు. అంతటి బలము పుట్టుకతో రావలసినదేనని చాలమంది నమ్మకము. అది సగమే నిజము. తక్కిన సగము లెక్క. ఆఫీసులో పద్దులు వ్రాసుకొనే మాబోటి వారికి ఆ లెక్క సులభముగానే బోధపడుతుంది.

క్రోటన్ నగరపు మిలో అనే మల్లుడు రోజూ ఒక దూడను భుజాన మోసేవాడని గ్రీకుల కథ. దూడ ఎద్దయ్యేసరికి అతని బలమూ దానితోపాటు పెరిగినదట. కథ మాట ఎట్లున్నా, అందులోని సూత్రము నిజమే. అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలార్మ్, గాయపడిన సైనికులచేత కొలతప్రకారము బరువులు పెంచుతూ ఎత్తించి, ఆ పద్ధతిని 1945లో ప్రకటించినాడు.

మన కెంచార్లహళ్ళి వంటి పల్లెల పిల్లలకు పరుగుకూ కబడ్డీకీ ఉత్సాహము తక్కువ కాదు. తక్కువైనది ముందుచూపు. పోటీకి పదిహేను రోజులముందు మేలుకొని, రోజూ ఒళ్ళు హూనము చేసుకొంటే, పోటీనాటికి మోకాలు పట్టుకొని కూర్చోవలసినదే. ఆడపిల్లకు అట్లయితే ఇంటివారు మళ్ళీ మైదానానికి పంపడమే మానుకొంటారు.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరములో సిడ్నీ ఒలింపిక్సులో, 69 కిలోల తరగతిలో, ఒక పద్ధతిలో 110, మరొక పద్ధతిలో 130, మొత్తము 240 కిలోలెత్తి కంచుపతకము గెలిచారు. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. బంగారు పతకము పొందిన చైనా వనిత ఎత్తినది 242.5. తేడా రెండున్నర కిలోలు! ఏళ్ళ సాధన చివరకు తేలేది ఇంత చిన్న తూకములో. అందుచేత బరువు పెంచడమూ చిన్న మెట్లుగానే జరగవలె.

పోటీకి కనీసము మూడు నెలలముందు మొదలుపెట్టాలి. వారానికి మూడు రోజులు సాధన చాలు. మధ్య ఒక్కొక్క రోజు విరామము. కండ గట్టిపడేది ఆ విరామములోనే. మొదటి నెల దండీలు, బస్కీలు, తేలిక ఇసుక మూటలతో సరియైన తీరు నేర్వాలి. ఒక బరువును తీరు చెడకుండా పన్నెండుసార్లు ఎత్తగలిగిన తరువాతనే కొంచెము పెంచాలి. ప్రతి నాలుగవ వారము భారము తగ్గించాలి. రెండవ నెలనుండి ఆటనుబట్టి సాధన మారాలి: పరుగువానికి తొడలు, కబడ్డీవానికి కాళ్ళు, నడుము, పట్టు. చివరి వారము సాధన సగమైనా తగ్గించి, అలసట తీరనివ్వాలి. పెద్ద బరువులు శిక్షకుని ఎదుటనే ఎత్తాలి.

ఆహారానికి దూరము పోనక్కరలేదు. రాగిసంగటి, ఉలవలు, అనపగింజలు, వేరుసెనగ, పాలు, గ్రుడ్లు చాలును. ఎనిమిది గంటల నిద్ర మాత్రము తప్పరాదు.

వీటన్నిటికన్న ముందు ఒక నోటుపుస్తకము కొనండి. తేదీ, బరువు, ఎన్నిసార్లు, ఎక్కడైనా నొప్పి ఉన్నదా అని పిల్లలచేత వ్రాయించండి. వారానికొకసారి తల్లిదండ్రులు దానిని చూడండి. ఆ పుస్తకము కొడుకుకు ఒకటి, కూతురుకు ఒకటి కొనవలెనని మా మనవి. ఊసవానిపేట కూడ చిన్న ఊరే.