తూటాలోని సీసం కంచంలోకి రాకుండా

మన ఆసుపత్రికి వచ్చే కుటుంబాలలో కొడుకులు, కూతుళ్ళు అమెరికాలో స్థిరపడినవారు ఉన్నారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అమెరికాలో మాత్రం లైసెన్సు తీసుకొని వేటాడవచ్చు. వేటాడిన జింక మాంసాన్ని ఇరుగుపొరుగు వారికి పంచిపెట్టడం కూడా అక్కడ మామూలే. ఆ మాంసంతోపాటు సీసం కూడా ఇంట్లోకి రావచ్చు. మాట తుపాకీ గురించే అయినా ఇందులో పసిపిల్లల ఆరోగ్యం ఉంది. అందుకే ఈ నాలుగు విషయాలు మీ ముందు ఉంచుతున్నాము.

సీసం ఒంట్లో ఏం చేస్తుంది?

సీసం వల్ల మన శరీరానికి ఏ ఉపయోగమూ లేదు. ఇంత వరకైతే హాని లేదని చెప్పగల మోతాదు కూడా లేదు. కడుపులోకి వెళ్ళిన సీసం రక్తంలో కలిసి మెదడుకు, మూత్రపిండాలకు చేరుతుంది. శరీరం దాన్ని కాల్షియం అనుకొని ఎముకలలో దాచుకుంటుంది. అక్కడ ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. స్త్రీ గర్భవతి అయినప్పుడు ఎముకల నుంచి తిరిగి రక్తంలోకి వచ్చి బిడ్డకు చేరుతుంది.

పెద్దలకంటే చిన్నపిల్లల పేగులు సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. ఐరన్, కాల్షియం తక్కువైన పిల్లలలో ఇది ఇంకా ఎక్కువ. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, చిరాకు, చదువులో వెనుకబడడం దీని లక్షణాలు. చాలాసార్లు ఏ లక్షణమూ కనిపించదు. మెదడుకు జరిగిన నష్టాన్ని మందులతో పూర్తిగా సరిచేయలేము.

తూటా నుంచి మాంసంలోకి ఎలా వస్తుంది?

సీసం మెత్తని లోహం. వేగంగా వచ్చిన తూటా ఎముకకు తగలగానే చిట్లుతుంది. ఆ తునకలు గాయం దగ్గరే ఆగవు, ఒక అడుగు దూరం దాకా కూడా చెదురుతాయి. చాలా తునకలు కంటికి కనిపించవు, పంటికి తగలవు. ఖీమా కొట్టినప్పుడు అంతటా కలిసిపోతాయి.

2008లో అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో ఒక డాక్టరు, పేదలకు దానంగా వచ్చిన సుమారు 100 జింక మాంసం పొట్లాలను స్కాన్ చేయించారు. సగానికి పైగా పొట్లాలలో లోహపు తునకలు కనిపించాయి. తరువాత అక్కడి ఆరోగ్యశాఖ, సి.డి.సి. సంస్థ కలిసి 738 మందికి రక్తపరీక్ష చేశాయి. ఎవరిలోనూ సీసం ప్రమాదకర స్థాయిలో లేదు. అయితే వేటమాంసం తినేవారిలో కొంచెం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. గర్భిణులు, ఆరేళ్ళలోపు పిల్లలు సీసపు తూటాతో కొట్టిన మాంసం తినవద్దని ఆ రాష్ట్రం సలహా ఇచ్చింది.

తినని జంతువును కొట్టినా ప్రమాదమేనా?

అవును. పంట చెరిచే నేల ఉడుతలను, గొర్రెల మందపై పడే కయోటీలను (ఇవి నక్కలాంటి జంతువులు) అక్కడి రైతులు కాలుస్తుంటారు. చిన్న జంతువులకు వాడే తూటాలు చాలావరకు తగలగానే పొడి అయ్యేలా తయారుచేసినవే. కళేబరాలను సాధారణంగా పొలంలోనే వదిలేస్తారు. వాటిని గద్దలు, రాబందులు తింటాయి. 2022లో వెలువడిన ఒక పరిశోధనలో 38 రాష్ట్రాలకు చెందిన 1,210 గద్దలను పరీక్షించారు. దాదాపు సగం గద్దలలో ఎంతోకాలంగా సీసం పేరుకొని ఉంది.

కాలిఫోర్నియా కాండర్ అనే పెద్ద రాబందు 1982 నాటికి 22 మాత్రమే మిగిలింది. ఎంతో శ్రమపడి వాటి సంఖ్యను పెంచారు. అయినా ఇప్పటికీ వాటి మరణాలకు ముఖ్య కారణం సీసమే. జబ్బుపడిన పక్షిని పట్టుకొని, సీసం ఎక్కువైన పిల్లలకు ఇచ్చే మందునే దానికీ ఇస్తారు. కోలుకొని ఎగిరిపోయిన పక్షి మళ్ళీ అదే కళేబరం తింటే ఏం లాభం? పిల్లల విషయమూ ఇంతే. సీసం వచ్చే దారి మూయకుండా మందు ఒక్కటే ఇస్తే ప్రయోజనం ఉండదు.

మార్గం ఉంది

రాగి తూటా సీసంలా చిట్లదు. చాలావరకు ఒకే ముక్కగా ఉంటుంది. చిన్న గుండ్ల తుపాకులకు ఉక్కు, బిస్మత్ గుండ్లు దొరుకుతాయి. నీటిపక్షుల వేటలో సీసపు గుండ్లను అమెరికా అంతటా 1991లోనే నిషేధించారు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి నేల ఉడుతలు, కయోటీలతో సహా ఏ అడవి జంతువును కాల్చినా సీసం లేని తూటానే వాడాలి. ఆరిజోనాలో చట్టం లేకుండానే, కాండర్లు తిరిగే చోట 2005 నుంచి సీసం లేని తూటాలు ఉచితంగా ఇచ్చి నచ్చజెప్పారు. 80 శాతానికి పైగా వేటగాళ్ళు సహకరించారు.

ఇబ్బందులు లేకపోలేదు. ధర కొంచెం ఎక్కువ. రాగి తేలిక కనుక తుపాకీ గురిని మళ్ళీ సరిచూసుకోవాలి. పాత తుపాకులలో ఉక్కు గుండ్లు వాడవచ్చో లేదో తెలిసినవారిని అడగాలి.

మీవాళ్ళకు ఫోనులో చెప్పండి

1. ఎవరైనా వేటమాంసం ఇస్తే, ఏ తూటాతో కొట్టారని మొహమాటం లేకుండా అడగాలి. తెలియకపోతే గర్భిణులకు, పిల్లలకు పెట్టవద్దు.

2. కడిగినా, ఉడికించినా సీసం పోదు. చింతపండు, నిమ్మరసం, వెనిగర్ వంటి పులుపు దాన్ని ఇంకా కరిగిస్తుంది. మనవాళ్ళు పులుపు వేసి వండుతారు కనుక ఇది గుర్తుంచుకోవాలి.

3. గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని ఎక్కువగా కోసి తీసేయాలి. దాన్ని కుక్కకు కూడా వేయకూడదు.

4. సీసపు తూటాతో కొట్టిన కళేబరాన్ని పొలంలో వదలకుండా పూడ్చాలి.

5. తుపాకీ కాల్చి వచ్చినవారు చేతులు సబ్బుతో కడుక్కొని, బట్టలు మార్చుకున్న తరువాతే బిడ్డను ఎత్తుకోవాలి.

6. ఇప్పటికే ఈ మాంసం తిని ఉంటే భయపడనక్కరలేదు. పిల్లల డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించాలి. పిల్లలలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 3.5 మైక్రోగ్రాములు, అంతకంటే ఎక్కువ ఉంటే ఎక్కడి నుంచి వస్తోందో వెదకాలని సి.డి.సి. 2021 నుంచి చెబుతోంది.

మనుమడి కంచంలో ఏముందో ఇక్కడి నుంచి మీరు చూడలేరు. కానీ అమ్మమ్మ, తాతయ్య అడిగిన ఒక ప్రశ్న ఆ కంచాన్ని కాపాడగలదు.