వాల్వు కొనేముందు చెవి సంగతి చూసుకోండి

పోయిన నెల బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అమ్మాయి ఇంట్లో పది రోజులున్నాను. మా మనవడి బల్ల మీద చిన్న పెట్టె, దాని నెత్తిన రెండు గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి. చూడగానే మా లైను ఇళ్ళల్లో పాత రేడియో గుర్తొచ్చింది. స్విచ్చి వేశాక వాల్వులు వేడెక్కితేగానీ పాట వచ్చేది కాదు. పక్కింట్లో రేడియోలు బాగుచేసే ఆయనకు టార్చిలైటు పట్టి పట్టి నాకూ నాలుగు ముక్కలు వచ్చాయి.

"ఇదేం రేడియోరా?" అన్నాను.

"రేడియో కాదు తాతయ్యా, హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్. ఒక వాల్వు గరగరలాడుతోంది, మార్చాలి" అన్నాడు. శనివారం ఇద్దరం ఎస్.పి. రోడ్డుకు పోయాం. మన ఇళ్ళల్లోనూ ఇలాంటివి కొనే పిల్లలున్నారు గనక అక్కడ చూసినవి రాస్తున్నాను.

ముందు నంబరు చూడాలి. మావాడికి కావలసింది 12ఏయూ7. దానికే ఈసీసీ82 అని ఇంకో పేరు. దుకాణంలో "ఇదీ అదే" అని 12ఏఎక్స్7 చేతిలో పెట్టారు. కాళ్ళు తొమ్మిదే, సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది. కానీ 12ఏయూ7 శబ్దాన్ని సుమారు 20 రెట్లు పెంచే రకం, 12ఏఎక్స్7 సుమారు 100 రెట్లు పెంచే రకం. మీట కొంచెం తిప్పితేనే చెవిలో మోత మోగిపోవచ్చు. 6డీజే8 అని ఇంకొకటుంది. దానికీ తొమ్మిది కాళ్ళే, కానీ లోపలి తీగకు కరెంటు వెళ్ళే దారి వేరు. పెట్టెతో వచ్చిన కాగితంలో ఏ నంబరు రాసుందో అదే పెట్టాలి.

తర్వాత గాజు చూడాలి. లోపల అద్దంలా మెరిసే పూత ఉంటుంది. అది తెల్లబడిందంటే గాలి దూరినట్టే, ఆ వాల్వు పనికిరాదు. పెట్టెలో పెట్టి, చప్పుడు తగ్గించుకుని, పెన్సిలుతో మెల్లగా తట్టాలి. ఖంగుమని చెవిలో మోగుతూ ఉంటే వద్దనాలి. పెద్ద స్పీకర్లో తెలియని గరగర కూడా హెడ్‌ఫోన్‌లో తెలిసిపోతుంది.

ఇక పేరు, ధర. మన జాలహళ్లి భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు 1961లోనే రేడియో వాల్వులు తయారుచేశారు. అలాంటి పాత సరుకంటే నాకూ ముచ్చటే. కానీ అట్టపెట్టె పాతదైనంత మాత్రాన లోపలిది మంచిదని కాదు. పరీక్ష చేసి చూపిస్తేనే డబ్బులివ్వండి. మేం మామూలు కొత్తదే తీసుకున్నాం.

ఒక జాగ్రత్త. కొన్ని పెట్టెల్లో 200 వోల్టుల పైన కరెంటు ఉంటుంది, స్విచ్చి ఆపినా కాసేపు నిలిచే ఉంటుంది. ప్లగ్గు తీసి, వాల్వు చల్లారాకే పట్టుకోవాలి. అడుగు మూత విప్పొద్దు.

ఇంటికొచ్చి మార్చాక మనవడు నా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టాడు. "గజ్జెలు ఎంత బాగా వినిపిస్తున్నాయో చూడు తాతయ్యా" అన్నాడు. నాకు తబలా వినిపించింది, పాడే మనిషి గొంతు వినిపించింది. గజ్జెలు వినపడలేదు. ఇంకా పెంచమన్నాను. వాడు నా మొహం చూసి మీట తగ్గించేశాడు.

మగ్గాల షెడ్డులో ఏళ్ళ తరబడి నిలబడ్డ చెవులివి. మాకు చెవిలో దూదే దిక్కు, అదీ అందరూ పెట్టుకోలేదు. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండొచ్చని ఒక లెక్క. 3 పెరిగినప్పుడల్లా ఆ టైము సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంటే. మగ్గం మోతైనా సినిమా పాటైనా లెక్క ఒకటే. పోయిన వినికిడి మళ్ళీ రాదు, ఆ నంబరు వాల్వు ఏ దుకాణంలోనూ దొరకదు.

వచ్చే ముందు వాడి మీట పక్కన పెయింటుతో చిన్న చుక్క పెట్టాను. అది దాటి తిప్పనని మాటిచ్చాడు. మీ పిల్లల పెట్టెకూ ఒక చుక్క పెట్టండి.